కేట్‌స్కిల్ కొండల్లో చన్నీటి చేపలు

న్యూయార్కు అనగానే మనకు ఆకాశాన్నంటే మేడలూ, స్వేచ్ఛా ప్రతిమా, నేల కింద పరుగెత్తే రైళ్ళూ గుర్తుకు వస్తాయి. కాని ఆ నగరానికి సుమారు 120 మైళ్ళ దూరంలో, అదే పేరుగల రాష్ట్రంలోనే, మేడలకు మారుగా కొండలూ, రైళ్ళకు మారుగా వాగులూ వున్న సీమ ఒకటి వున్నది. ఆ కొండలను కేట్‌స్కిల్ కొండలంటారు. న్యూజెర్సీలో కాపురముంటున్న మన తెలుగువారు శనివారం పొద్దున్నే కాఫీ తాగి కారెక్కితే పదకొండు గంటలకల్లా అక్కడ వుంటారు. ఆకులు రాలేముందు కొండలన్నీ ఎరుపూ పసుపూ అయ్యే అక్టోబరులో వెళ్ళివచ్చేవారు చాలామందే వున్నారు. నేను వెళ్ళింది మే నెల మొదటివారంలో. అప్పటికి చెట్లు ఇంకా చిగురు తొడుగుతున్నాయి. చూడవలసిందంతా నీళ్ళలోనే వున్నది.

రాస్కో అని ఒక చిన్న వూరు. తనను తాను 'ట్రౌట్ పట్నం' అని చెప్పుకుంటుంది. ట్రౌట్ అంటే చల్లని వాగుల్లో బతికే చేప. అంగడివీధిని పది నిమిషాల్లో చూసేయవచ్చు. వూరి చివర బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు వాగులు వచ్చి ఒక మడుగులో కలుస్తాయి. మన దేశంలో అయితే అటువంటి సంగమం దగ్గర ఒక శివాలయమూ, స్నానఘట్టమూ, కార్తీకమాసంలో దీపాలూ వుండేవి. ఇక్కడ మొలలోతు నీళ్ళలో, చంకలదాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని, నలుగురైదుగురు పెద్దమనుషులు మాటాపలుకూ లేకుండా నిలబడి వున్నారు. భక్తిలో మాత్రం తేడా కనుపించలేదు.

'కిల్' అంటే ఇంగ్లీషులో చంపడం కదా, వాగుకు ఇదేం పేరు అనిపిస్తుంది. ఈ సీమకు తొలిరోజుల్లో వచ్చి స్థిరపడిన డచ్చివారి భాషలో 'కిల్' అంటే వాగు అని అర్థం. బీవర్ అనేది కొమ్మలు కొరికి వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువు. కనుక ఇది బీవర్ల వాగు. ఆ పేరుతో మళ్ళీ ఒకసారి పని పడుతుంది, జ్ఞాపకం పెట్టుకోండి.

ఈకలతో కట్టిన ఈగ

మనకు తెలిసిన గాలపు వేట ఏమిటి? వానపామునో పిండిముద్దనో గుచ్చి, దారానికి బెండు కట్టి, నీళ్ళలోకి విసిరి, గట్టున కూర్చోవడం. ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది. 'ఫ్లై ఫిషింగ్' అనే ఈ వేటలో వ్యవహారం తలకిందులు. ఎరకు బరువే లేదు. చిన్న గాలానికి ఈకలూ, బొచ్చూ, సన్నదారమూ చుట్టి ఈగలాగా కడతారు. ఊదితే ఎగిరిపోతుంది. అంచేత బరువంతా దారంలోనే పెడతారు. లావుపాటి దారం, దాని చివర కంటికి ఆనని సన్నని పోగు, ఆ పోగు కొసన ఈగ. సుమారు తొమ్మిది అడుగుల కర్రను వెనక్కీ ముందుకీ ఆడిస్తే, దారం తల మీదుగా వెనక్కి పోయి, చాచుకుని, మళ్ళీ ముందుకు చుట్ట విప్పుకుంటూ పోతుంది. అన్నిటికన్న ఆఖరున ఈగ నీళ్ళమీద వాలుతుంది. దీనికి కండబలం అక్కరలేదు, తాళజ్ఞానం కావాలి. వెనక్కి పోయిన దారం పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగగలగడమే ఈ విద్యలో సగం.

మిగిలిన సగం నీటిని చదవడం. ట్రౌట్ ఊరికే వడికి ఎదురీది అలసిపోదు. బండ వెనకనో, వడినీరూ నిదానపు నీరూ కలిసే అంచుననో, తల ఎగువకు పెట్టుకుని నిలబడి, ప్రవాహం తెచ్చిపెట్టే తిండికోసం కనిపెట్టుకు వుంటుంది. మనిషి విసిరిన ఈగ ఆ దారినే, ఆ నీటి వేగంతోనే తేలిపోవాలి. దారం దాన్ని బెత్తెడు పక్కకు ఈడ్చినా చేపకు మోసం తెలిసిపోతుంది.

ఈ చేపకు ఇష్టమైన తిండి మేఫ్లై అనే పురుగు. ఏడాదిపాటు వాగు అడుగున రాళ్ళ సందుల్లో బతికి, ఒకనాడు పైకి తేలి, రెక్కలు విప్పుకుని గాలిలోకి లేస్తుంది. ఆ తరవాత దాని ఆయువు ఒకటి రెండు రోజులే. తినడానికి నోరైనా పనిచేయదు. జతకట్టి, గుడ్లు పెట్టి, నీళ్ళమీద రాలిపోతుంది. తొలకరికి దీపం చుట్టూ మూగే మన ఉసిళ్ళను చూసినవారికి ఈ కథ కొత్తకాదు. నేను వెళ్ళిననాడు మధ్యాహ్నం రెండు దాటాక, చిన్న చిన్న తెరచాపల్లాగా రెక్కలు నిలబెట్టుకుని అవి వందలకొద్దీ తేలివచ్చాయి. అంతవరకు నిద్రపోతున్నట్లున్న మడుగులో అక్కడొక వలయం, ఇక్కడొక వలయం లేచాయి. పెద్దమనుషుల వీపులన్నీ ఒక్కసారి నిటారయ్యాయి.

ఈ కొండల్లో ఆ పురుగులను శ్రద్ధగా చూసి వాటికి సరిపోయే ఈగలు కట్టినవారిలో థియొడోర్ గార్డన్ పేరు మొదట చెబుతారు. 1854లో పుట్టి 1915లో పోయాడు. క్షయతో బాధపడుతూ నెవర్‌సింక్ నది వొడ్డున ఒంటరిగా జీవించాడు. 1890లో ఇంగ్లండునుంచి ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే ప్రసిద్ధుడు ఆయనకు తన ఈగలు కొన్ని పంపాడు. అవి అక్కడి నిదానపు వాగులకూ, అక్కడి పురుగులకూ తగినవి. గార్డన్ వాటిని ముందు పెట్టుకుని, ఈ కొండవాగుల పోటుకు తట్టుకుని తేలేవి కట్టాడు. వాటిలో పేరుపొందినది 'క్విల్ గార్డన్'. దాని ఒంటికి చుట్టేది ఏమిటో తెలుసునా? నెమలి ఈక పీచు!

ఈ వేటకు మన దేశంతో చుట్టరికం అంతటితో ఆగదు. 19వ శతాబ్దంలో అమెరికావారు వెదురు బద్దలు అతికి గాలపు కర్రలు చేయడం మొదలుపెట్టినప్పుడు వాడినది కలకత్తా వెదురు. తరవాత చైనానుంచి వచ్చిన టాంకిన్ వెదురు దాని చోటు ఆక్రమించింది. మన దక్షిణాది అడవికోడి మెడమీద మైనపు చుక్కలు పెట్టినట్లుండే ఈకలకు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఎంతో గిరాకీ వుండేది. ఇప్పుడు వాటిని మన దేశంనుంచి ఎగుమతి చేయడం నిషిద్ధం.

పట్టి వదిలే వేట

ఈ వాగుల్లో పూర్వంనుంచీ వున్నది బ్రూక్ ట్రౌట్. ఒళ్ళంతా చుక్కలతో, రెక్కల అంచున తెల్లని గీతతో ముచ్చటగా వుంటుంది. చల్లని నీరు తప్ప దానికి సరిపడదు. 19వ శతాబ్దంలో ఈ కొండల నిండా తోళ్ళు పదునుపెట్టే కర్మాగారాలు వెలిశాయి. మనవైపు తంగేడు బెరడు వాడినట్లు, అక్కడ హెమ్లాక్ అనే చెట్టు బెరడు వాడారు. బెరడుకోసం అడవులకు అడవులే నరికివేశారు. నీడ పోయింది, వాగు వేడెక్కింది, బ్రూక్ ట్రౌట్ కొండమొదళ్ళలోని చిన్నపాయలకు తగ్గిపోయింది. 1883లో జర్మనీనుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు అమెరికాకు వచ్చాయి. కాస్త వెచ్చని నీటిని కూడా ఓర్చుకునే ఈ చేపను కొద్ది ఏళ్ళకే ఈ వాగుల్లో వదిలారు. కాలిఫోర్నియానుంచి రెయిన్‌బో ట్రౌట్ వచ్చింది. అంటే ఈనాడు ఇక్కడ వేటాడేది చాలావరకు వలస వచ్చిన చేపలనే.

చేపలు తగ్గిపోవడం కళ్ళారా చూసినవారు 1965లో ఒక ఏర్పాటు చేశారు. బీవర్‌కిల్‌లో కొంతమేర పట్టిన ప్రతి చేపనూ తిరిగి నీటిలోనే వదలాలి, ఒక్కటీ చంపరాదు. 'నో కిల్' అన్నమాట. బీవర్ 'కిల్'లో 'కిల్' లేదు! కొన్నేళ్ళకు విల్లోవీమాక్‌లోనూ అదే నియమం పెట్టారు.

పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లావాళ్ళకు ఈ మాట చెబితే పక్కున నవ్వుతారు. తినని చేపను పట్టడమెందుకు? నేనూ ఒక ముసలాయన్ని అదే అడిగాను. ఆయన అప్పుడే చేతిని నీటిలో తడుపుకుని, ఒక ట్రౌట్‌ను పట్టీ పట్టనట్లు పట్టుకుని, గాలం తీసి, తల ఎగువకు తిప్పి నిలబెట్టాడు. అది రెండుమార్లు మొప్పలాడించి జారిపోయింది. "తింటే అది నాకొక పూట. వదిలితే రేపు ఇంకొకరికి కూడా వుంటుంది" అన్నాడు. పొడిచేతితో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురుపొర పోతుందట. అందుకే చేయి తడుపుకోవడం.

మునిగిన వూళ్ళు, బతికిన చేపలు

బీవర్‌కిల్ పోయి డెలవేరు నది తూర్పుపాయలో కలుస్తుంది. తూర్పుపాయా పడమటిపాయా హాన్‌కాక్ అనే వూరి దగ్గర కలిసి డెలవేరు నది అవుతాయి. రాస్కోనుంచి అరగంట ప్రయాణం. అక్కడినుంచి సముద్రందాకా నదికి ఆనకట్ట లేదు. అంచేత వసంతంలో షాడ్ అనే చేప సముద్రంనుంచి ఇంతదూరం ఎదురీదుకుంటూ వస్తుంది. అది మన పులసకు దూరపు చుట్టం.

ఆనకట్టలన్నీ పాయలమీద వున్నాయి. 80 లక్షలకు పైబడిన న్యూయార్కు నగర జనం తాగే నీటిలో సుమారు సగం డెలవేరువైపు జలాశయాలనుంచి సొరంగాల ద్వారా పోతుంది. నీటి పంపకంపై నాలుగు రాష్ట్రాల నడుమ తగాదా దేశపు సుప్రీంకోర్టుదాకా పోయింది. కృష్ణా జలాల తగవులు ఎరిగిన మనకు ఇది వింతకాదు. నగరం ఎంత తీసుకోవచ్చో, దిగువకు ఎంత వదలాలో 1954లో కోర్టు నిర్ణయించింది. తూర్పుపాయమీది పెపాక్టన్ జలాశయం 1955లో నీరివ్వడం మొదలుపెట్టింది. మన నాగార్జునసాగరుకు పునాదిరాయి పడినది కూడా ఆ ఏడాదే, డిసెంబరు 10న.

సాగరు కింద నాగార్జునకొండ లోయ మునిగినట్లే, పెపాక్టన్ కింద నాలుగు వూళ్ళు మునిగిపోయాయి. అరీనా, పెపాక్టన్, షేవర్‌టౌన్, యూనియన్ గ్రోవ్. ఇళ్ళు కూల్చారు, చెట్లు కొట్టేశారు, శ్మశానాలలోని అస్థికలను సైతం తవ్వి వేరొకచోటికి తరలించారు. నెవర్‌సింక్ నదిమీద కట్టిన జలాశయం కింద గార్డన్ చేపలు పట్టిన రేవులు కూడా పోయాయి. ఇప్పుడు చూస్తే నిశ్చలమైన నీలంనీరు; చుట్టూ అడవి. ఏమీ తెలియనివారు ఎంత ప్రశాంతంగా వున్నదో అనుకుంటారు.

అయితే ఎవరూ తలపెట్టని ఫలితం ఒకటి కలిగింది. లోతైన జలాశయం అడుగున నీరు వేసవిలోనూ చల్లగానే వుంటుంది. ఆనకట్ట కిందినుంచి వదిలేది ఆ నీటినే. పూర్వం హాన్‌కాక్ దిగువన నది వేసవిలో వేడెక్కి, బాస్ వంటి చేపలకే అనువుగా వుండేది. ఇప్పుడు అదే చోటు దేశంలో పేరుమోసిన ట్రౌట్ రేవు అయింది. వూళ్ళు పోగొట్టుకున్నవారి దుఃఖానికి ఇది పరిహారమని నేననను. కాని ఆ నీటిలో నిలబడి ట్రౌట్ పట్టే ప్రతివాడూ ఆ నాలుగు వూళ్ళకు రుణపడే వున్నాడు.

దిగువకు పోయినకొద్దీ ఎండ నీటిని కాచివేస్తుంది. కాలికూన్ దాటి నారోస్‌బర్గ్ చేరేసరికి రాజ్యం స్మాల్‌మౌత్ బాస్‌ది. అక్కడ వంతెన కింద నూరడుగులకు మించిన మడుగు వున్నది; నది మొత్తంమీద అంత లోతు ఇంకెక్కడా లేదు. బాస్ కంచురంగు చేప, ఎర్రని కన్ను. ట్రౌట్ నాజూకు దానికి లేదు. రాళ్ళకింద దాగే, రొయ్యలాంటి క్రేఫిష్‌లంటే ప్రాణం. గాలం తగిలిందంటే నీటిమీదికి ఎగిరి తల విదిలిస్తుంది. మగచేప గులకరాళ్ళలో తోకతో గూడు చేసి, ఆడది గుడ్లు పెట్టి పోయాక, పిల్లలు ఈదేదాకా తానే కావలి కాస్తుంది. ఇదికూడా ఈ నదికి 19వ శతాబ్దంలో తెచ్చి వదిలిన చేపే.

ఈ రెండు చేపల నడుమ సరిహద్దు గీసేది రాయీ కాదు, కట్టా కాదు, నీటి చలువ. నీటి వేడి 68 డిగ్రీలు, అంటే మన లెక్కలో 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు ఊపిరి బరువవుతుంది. అప్పుడు పట్టి వదిలినా బతకడం కష్టం. అందుకే ఆ ముసలాయన జేబులో ఈగల పెట్టెతోబాటు చిన్న ఉష్ణమాపకం వుంటుంది. జూలైలో వచ్చినప్పుడు ముందు దాన్ని నీటిలో ముంచుతాడట. 68 దాటితే కర్ర విప్పకుండానే వెనక్కి పోతాడు, లేదా కారెక్కి బాస్ వున్న దిగువకు పోతాడు. వేసవులు వెచ్చబడుతున్న ఈ రోజుల్లో ఆనకట్టలు లేని బీవర్‌కిల్ వంటి వాగుల్లో అటువంటి రోజులు తరచు వస్తున్నాయి. ఆనకట్ట కింది పాయలలో చలువ తూము తిప్పేవారి చేతిలో వున్నది. నీరు ఎంత, ఎప్పుడు వదలాలనే వాదం ఈనాటికీ తెగలేదు.

వెళ్ళదలచిన మనవారికి రెండు మాటలు. పదహారేళ్ళు దాటినవారు గాలం వేయాలంటే రాష్ట్రపు లైసెన్సు వుండాలి. వేటకు పోయేవారు ముల్లులేని గాలం వాడితే చేపకు మేలు. వేట అక్కరలేనివారు పులిహోర పొట్లంతో వొడ్డున కూర్చున్నా చాలు. మే నెల మధ్యాహ్నం ఆ వలయాలు చూస్తూ వుంటే పొద్దే తెలియదు. తిరుగుప్రయాణంలో నగరం చేరి, కొళాయి తిప్పి గ్లాసు పట్టుకున్నప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ నీటికి కొన్ని వూళ్ళ పేర్లు వున్నాయి. మనం వాడగా మిగిలిన చలువతోనే అక్కడ ఒక చేప ఊపిరి తీసుకుంటున్నది.