ఆవకాయ పక్కన యాడ్

పొద్దున పోస్ట్‌మ్యాన్ ఓ కవరిచ్చి వెళ్లాడు. చించితే లోపల ఆరంకెల పిన్. "ఏ బ్యాంకుదిరా?" అంది అమ్మ. బ్యాంకు కాదమ్మా, గూగుల్ యాడ్‌సెన్స్ అన్నాను. నా వంటల సైట్లో యాడ్ల డబ్బు 10 డాలర్లు దాటింది కదా, అడ్రసు నిజమేనా అని చూసుకోడానికి పంపారు. ఇంటర్నెట్ సంపాదనకి పోస్ట్‌మ్యాన్ సాక్షి సంతకం!

ఆ 10 డాలర్లకే పదకొండు నెలలు పట్టింది. చేతికి రావాలంటే 100 దాటాలి. లెక్క మీరే వేసుకోండి, నాకు ధైర్యం చాలట్లేదు.

2018 దాకా తెలుగు పేజీలకి యాడ్‌సెన్స్ లేనే లేదు. ఇప్పుడుంది, కానీ చిల్లరే. నిన్న ఆవకాయ పోస్టు పక్కన మిక్సీ యాడ్ ఇక్కడివాళ్లకి ఎన్నోసార్లు కనిపించినా 4 సెంట్లే. అదే పోస్టుని అమెరికాలో కొందరు తెరిస్తే 62. ఆవకాయ అదే, కారం అదే! పేజీ తెరుచుకునే ఆ రెప్పపాటులోనే యాడ్ చోటుకి వేలంపాట జరుగుతుంది. అక్కడి కంపెనీలు ఎక్కువకి పాడతాయి, అంతే.

"రోజూ నేనే నొక్కుతా బావా, వంద ఎంతలో అవుతుంది" అన్నాడు మా బావమరిది. దండం పెట్టాను. సొంతవాళ్ల క్లిక్కులని తేలితే ఖాతాకే ఎసరు. వాడికి నమ్మకం కుదర్లేదు.

అమ్మ మాత్రం కవరు జాగ్రత్తగా మడిచి కరెంటు బిల్లుల మధ్య దాచింది.