సముద్రం బయటపెట్టిన శిల్పాలు

చెన్నై నుంచి సముద్రం పక్కగా దక్షిణానికి పోయే రోడ్డు మీద సుమారు 55 కిలోమీటర్లు వెళితే మహాబలిపురం వస్తుంది. మీలో కొందరు చూచే ఉంటారు. అక్కడ బస్సు దిగినవాళ్ళు అర్జునుడి తపస్సు, అయిదు రథాలు, సముద్రతీరాన ఉన్న గుడి చూచి, శంఖమో గవ్వలదండో కొనుక్కుని తిరిగిపోతారు. నేను చెప్పబోయేది వాటిని గురించి కాదు. అలల దగ్గరలో, ఇసుకలో పడి ఉన్న బండలను గురించి.

ముందు అవి చెక్కించిన వారెవరో తెలియాలి. క్రీ. శ. 7వ శతాబ్దంలో కంచి రాజధానిగా పల్లవులు పరిపాలించారు. వారిలో మొదటి నరసింహవర్మకు మామల్లుడని బిరుదు ఉండేది. ఆ బిరుదును బట్టే ఈ రేవుపట్నానికి మామల్లపురం అనే పేరు వచ్చింది. తీరాన ఉన్న గుడిని ఆ తరువాత, 8వ శతాబ్దం ఆరంభంలో, రాజసింహుడనే రెండవ నరసింహవర్మ కట్టించాడు. పల్లవుల శాసనాలలో చాలా పాతది మన పల్నాడులోని మంచికల్లులో దొరికింది. కనుక వాళ్ళు మనకు మరీ పరాయివాళ్ళేమీ కారు.

తీరాన ఉన్న గుడిని విడిరాళ్ళు పేర్చి కట్టారు గాని, ఇక్కడి శిల్పాలలో చాలా వాటికి రాయిని ఎక్కడి నుంచీ మోసుకురాలేదు. బండ ఎక్కడ ఉంటే అక్కడికే శిల్పి ఉలి పట్టుకుపోయాడు.

పోయిన సంక్రాంతి సెలవులలో మా మనవణ్ణీ, మనవరాలినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. మొదట ఊరికి ఉత్తరంగా అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న సాళువన్‌కుప్పం చేరాం. అక్కడ సరుగుడు చెట్ల అవతల, సముద్రానికి దగ్గరగా, పెద్ద బండ ఒకటి ఉన్నది. దాన్ని పులిగుహ అంటారు. మా మనవడు పులి కోసం చుట్టూ తిరిగి వచ్చి, "తాతయ్యా, పులీ లేదు, గుహా లేదు," అన్నాడు.

వాడి మాట నిజమే. బండ మధ్యలో చిన్న మండపం తొలిచారు. దాని చుట్టూ తోరణంలాగా తలలు చెక్కారు. అవి పులి తలలు కావు, యాళి తలలు. యాళి అంటే సింహంలాగా ఉండే కల్పితమృగం. లెక్కపెట్టమంటే ఇద్దరూ రెండు లెక్కలు చెప్పి పోట్లాడుకున్నారు. చివరకు 11 అని తేలింది. ఉత్సవాలప్పుడు రాజు ఆ మండపంలో కూర్చునేవాడని కొందరంటారు. అదే బండకు ఒక పక్కన రెండు ఏనుగు తలలు ఉన్నాయి. నాకు యాళుల కంటే ఆ ఏనుగులే నచ్చాయి. చూస్తూ ఉంటే, ఏనుగులు బండలో నుంచి నడిచి వస్తూ వస్తూ ఆగిపోయినట్టు ఉంటుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తమిళనాడు తీరాన వేలమంది ప్రాణాలు పోయాయి. కెరటం విరుచుకుపడే ముందు మహాబలిపురం దగ్గర సముద్రం చాలా దూరం వెనక్కి పోయిందనీ, అడుగున వరసగా పెద్ద రాళ్ళు కనిపించాయనీ చూచినవాళ్ళు చెప్పారు. నీళ్ళు తీసిన తరువాత చూస్తే, ఒడ్డున ఇసుక కొట్టుకుపోయి కొన్ని బండలు బయటపడ్డాయి. వాటి మీద ఏనుగు తల, పరుగెత్తే గుర్రం, పడుకున్న సింహం ఉన్నాయి! ఎన్నో ఏళ్ళుగా వాటి మీదనే జనం నడిచిపోయారన్నమాట.

సాళువన్‌కుప్పంలో ఇంకా పెద్ద వింత జరిగింది. అక్కడ ఒక బండ మీద పాత శాసనాలు బయటపడ్డాయి. వాటిలో ఒక సుబ్రహ్మణ్యస్వామి గుడి ప్రస్తావన ఉన్నది. గుడి జాడ మాత్రం ఎక్కడా లేదు. పురావస్తుశాఖవారు 2005లో ఆ పక్కనే త్రవ్వితే పల్లవుల కాలపు రాతిగుడి పునాదులూ, వాటి కింద ఇంకా పాతదైన ఇటికల గుడీ కనిపించాయి. పాత గుడిని కూడా సముద్రమే పడగొట్టి ఉంటుందని త్రవ్వినవారి అభిప్రాయం. ఒక ఉప్పెన పూడ్చినదాన్ని మరొక ఉప్పెన తీసి చూపించిందన్నమాట!

ఉప్పెన ఎప్పుడో గాని రాదు. రాతికి రోజూ ఉండే శత్రువు ఉప్పు. మీ అమ్మమ్మగారి ఇంట్లో ఉప్పు పోసిన మట్టికుండ ఉంటే దాన్ని బయటి వైపు చూడండి. తెల్లగా పూసి, పెచ్చులు ఊడుతూ ఉంటుంది. ఇక్కడా అంతే. ఉప్పుగాలిలోని తడి రాతి సందులలోకి ఇంకుతుంది. ఎండకు తడి ఆరిపోతుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి రాతిని పొరలుపొరలుగా ఊడదీస్తుంది. అందుకే తీరాన ఉన్న గుడి బొమ్మలకు ముక్కులూ కళ్ళూ అరిగిపోయాయి. పురావస్తుశాఖవారు సముద్రానికి అడ్డంగా రాళ్ళు పోయించారు, సరుగుడు చెట్లు నాటించారు. కాగితపు గుజ్జును తడిపి గోడలకు మెత్తుతారు కూడా. అది ఆరుతూ రాతిలోని ఉప్పును తనలోకి లాగుతుంది. అప్పుడు ఒలిచి పారవేస్తారు. ఇంత శ్రమ ఒకవైపు జరుగుతుంటే, ఎవడో ఒక బండ మీద తన పేరు గీకి, తేదీ కూడా వేసిపోయాడు. అక్షరాలు కూడా వంకరే.

"ఒడ్డున ఉన్న బండలను మ్యూజియానికి తీసుకుపోవచ్చు కదా, తాతయ్యా? నీడలో ఉంటాయి," అన్నది మా మనవరాలు.

"అప్పుడు సముద్రం ఎక్కడి నుంచి తెస్తావే?" అన్నాడు వాడు.

నేను వాడి పక్షమే. ఏనుగు తలను కోసి పట్టుకుపోతే ఏనుగు దక్కుతుంది గాని, బండ ఏనుగై నిలబడిన వింత పోతుంది. కాని ఆ పిల్ల ఊరుకోలేదు. "ఇక్కడే ఉంటే కొన్నాళ్ళకు ఏనుగూ పోతుంది, వింతా పోతుంది. అప్పుడు వచ్చేవాళ్ళు ఏం చూస్తారు?" అన్నది. ఆ మాటకు జవాబు చెప్పటం కష్టం.

తరువాత అది పులిగుహ నీడలో కూర్చుని, నోటుబుక్కు తీసి రెండు ఏనుగు తలలనూ బొమ్మ వేసుకున్నది. ఒకదాని తొండం పొడుగైంది. వాడు యాళులను మళ్ళీ లెక్కపెట్టాడు.