కారు క్రింద ఆయిల్ మరక

ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు క్రింద ఆయిల్ మరక కనబడితే చాలు, యజమాని ఇంజను దించడానికి సిద్ధపడతాడు. తొందరపాటే! తొలినాటి మూడు బేరింగుల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు వెనుక కొసకు రబ్బరు సీలే లేదు. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ మరచుట్టు వంటి గాడి ఆయిల్‌ను లోపలికి మళ్లిస్తుంది. ఆగాక నాలుగు చుక్కలు రాలడం దాని స్వభావం.

పైగా కారిన ఆయిల్ క్రిందికి జారి, గాలి విసురుకు వెనక్కు పాకుతుంది. కనుక ముందు ఇంజనును శుభ్రంగా కడిగి, కొంతదూరం నడిపి, తడిసినచోట్లలో అన్నిటికంటె ఎత్తయినదానిని వెదకాలి. అది వాల్వు కవరు గాస్కెట్టు మాత్రమే కావచ్చు. బ్రీదరు గొట్టం పూడుకుపోయినా లోపలి పీడనం ఆయిల్‌ను బయటికి నెడుతుంది.

మరక లేకుండానే ఆయిల్ తరుగుతుంటే పొగను గమనించాలి. స్టార్టు చేయగానే నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లను అనుమానించాలి; ఎక్సిలరేటరు తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులను. మొదటిది హెడ్డు విప్పితే తీరే పని. రెండవదానికి పిస్టన్లు బయటికి రావలసిందే.