బల్లపైన రైలు, బల్లకింద వర్క్‌షాపు

మోడల్ రైల్వే అనగానే అందరూ పైన తిరిగే రైలునే చూస్తారు. స్టేషను, సిగ్నలు, చెట్లు, ఓ వీడియో... అంతే! కానీ ఆ రైలు తిరగాలంటే ముందు చక్రాలు తుడవాలి, వైర్లు సోల్డర్ చేయాలి, బోగీలకు రంగులేయాలి. వీటన్నింటికీ ఇంకో బల్ల కావాలి. హైదరాబాద్‌లో అద్దె టూ బీహెచ్‌కేలో రెండో బల్లకు చోటెక్కడిది?

నాది హెచ్‌ఓ స్కేలు. అంటే ప్రతిదీ అసలు కొలతలో 87వ వంతు. 21 మీటర్లకు పైగా ఉండే ఐసీఎఫ్ బోగీ ఇందులో సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది. నాలుగు బోగీలు, ఓ ఇంజిను ఆగే ప్లాట్‌ఫాం, పక్కన చిన్న యార్డు కావాలంటే 8 అడుగుల పొడవు పట్టింది. వెడల్పు 2 అడుగులే. చిన్న గదిలో ఓ గోడంతా దానిదే. వర్క్‌షాపు మాత్రం డైనింగ్ టేబుల్ మీద నడిచేది.

పాప పాకడం మొదలుపెట్టేసరికి లెక్క మారింది. మామూలు 60/40 సోల్డర్ తీగలో 40 శాతం సీసమే. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత చేటో తెలిసిందే. సీసం లేని సోల్డర్ దొరుకుతుంది, కాస్త ఎక్కువ వేడి కావాలంతే. దానికి మారిపోవచ్చు. కానీ వేడి ఐరన్, బ్లేడ్లు, సూపర్ గ్లూ సంగతేంటి?

మా ఆవిడ గొడవేం పెట్టలేదు. "రైలు వద్దని నేననను. పాప అన్నం తినే చోట ఆ డబ్బా ఉండకూడదు. ఏం చేస్తావో నువ్వే చూడు" అంది. మొత్తం అమ్మేయడమా, లేఅవుట్ కింద చోటు వెతకడమా... రెండే దారులు.

టేపు పట్టుకుని కూర్చున్నా. లేఅవుట్ నేల నుంచి 50 అంగుళాల ఎత్తులో ఉంది. ఫ్రేమూ, దాని కింద వేలాడే పాయింట్ మోటార్లూ కలిపి 6 అంగుళాలు పోతే మిగిలేది 44. కుర్చీలో కూర్చుంటే నా తల 50 దాటుతుంది. అంటే కింద దూరి పనిచేస్తే, తలెత్తిన ప్రతిసారీ పైన స్టేషన్‌లో భూకంపమే!

అందుకే బల్లను కింద బిగించలేదు, చక్రాల మీద పెట్టాం. 18 ఎం.ఎం. ప్లైవుడ్, మూడున్నర అడుగుల పొడవు, 29 అంగుళాల ఎత్తు, బ్రేకులున్న నాలుగు చక్రాలు. పనున్నప్పుడు బయటికి లాగుతా, అయ్యాక లోపలికి తోసేస్తా. లేఅవుట్ కాళ్లకు ఇది ఎక్కడా తగలదు. కింద ఎంత రుద్దినా పైన బోగీ కదలదు. అద్దె గోడకు ఒక్క మేకు కూడా పడలేదు.

తర్వాత అసలు చిక్కులు వచ్చాయి. పైనుంచి వేలాడే వైర్లు బల్ల లాగినప్పుడల్లా తగులుకునేవి. వాటిని ప్లాస్టిక్ కేసింగ్‌లో పెట్టి ఫ్రేముకు బిగించా. పైనుంచి రాలే దుమ్ముకు అడ్డంగా తెల్ల సన్‌బోర్డు వేశా. దాన్ని అయస్కాంతాలతో నిలబెట్టా కాబట్టి, వైరింగ్ చూడాలంటే చేత్తో ఊడదీయొచ్చు. దాని ముందంచుకు ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటిస్తే కింద చీకటీ పోయింది. సోల్డరింగ్ మాత్రం బల్లను పూర్తిగా లాగి, కిటికీ తెరిచాకే. పైన కొండలన్నీ థర్మోకోల్‌వే మరి! ఐరన్ చల్లారేదాకా బల్ల లోపలికి వెళ్లదు.

బల్ల అంచు చుట్టూ సన్నటి చెక్క పట్టీ కొట్టించా. దొర్లే స్క్రూలు అక్కడే ఆగుతాయి. ఎగిరే కప్లింగ్ స్ప్రింగుల కోసం పాత దుప్పటి ముక్క ఒకటి బల్ల అంచుకు క్లిప్ చేసి ఒళ్లో పరుచుకుంటా. బ్లేడ్లు, గ్లూ, సోల్డర్ తాళమున్న సొరుగులో ఉంటాయి. తాళంచెవి పాపకు అందని ఎత్తులో మేకుకు ఉంటుంది. ఆ మేకు ఓనర్‌ది, మేం రాకముందే ఉంది!

ఇంత చేశాక ఊహించని లాభం ఒకటి కనిపించింది. డైనింగ్ టేబుల్ మీదైతే సామాను పరచడానికి పావుగంట, భోజనాల వేళకు ఎత్తేయడానికి ఇంకో పావుగంట. ఆఫీసు కాల్స్ అయ్యి, పాప నిద్రపోయాక మిగిలేదే అరగంట. అందుకే నెలల తరబడి పెట్టె తెరవని రోజులున్నాయి. ఇప్పుడు సగంలో వదిలేసిన పని సగంలోనే నా కోసం ఆగి ఉంటుంది. బల్ల లాగితే ఇరవై నిమిషాలూ పనికే.

లేఅవుట్ కట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొక్కటే: పట్టాలు కొనకముందే కుర్చీ వేసుకుని కూర్చోండి. మీ తల ఎక్కడిదాకా వస్తుందో, మోకాళ్లు ఎక్కడ తగులుతాయో గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రైలు ఎత్తు ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

డైనింగ్ టేబుల్ మీద ఇప్పుడు అన్నం గిన్నెలే ఉంటున్నాయి. కింద బల్ల మీద మూడు రోజులుగా ఓ జనరల్ బోగీ, కిటికీలకు టేపు వేసుకుని రెండో కోటు కోసం చూస్తోంది.