నీలం వైరు, వదులు స్క్రూ, మన రూము

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. శుక్రవారం తీరిగ్గా చదవండి.

మేము నలుగురం, రాజంపేట చుట్టుపక్కల ఊర్లోళ్లం. కువైట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని. ల్యాబుల్లో ఓవెన్లకు, చిల్లర్లకు, కంట్రోల్ ప్యానెళ్లకు కనెక్షన్లు ఇస్తుంటాం.

ఊర్లో మేము నేర్చుకున్నది ఒక్కటే లెక్క. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. పచ్చ ఎర్త్. వచ్చిన మొదటి ఏడు ఒక ల్యాబులో యూరప్ నుంచి వచ్చిన త్రీఫేజ్ ఓవెన్ బిగించమన్నారు. గోడ మీది ప్యానెల్లో మనకు తెలిసిన రంగులే. మిషన్ కేబుల్లో బ్రౌన్, నలుపు, బూడిద, నీలం. మేము ఏం ఆలోచించలేదు, నీలానికి నీలం, నలుపుకు నలుపు కలిపేశాం. స్విచ్ వేసే ముందు మా సీనియర్ తమిళన్న వచ్చి చూసి గట్టిగా అరిచాడు.

యూరప్ పద్ధతిలో నీలం న్యూట్రల్, నలుపు ఫేజు. బ్రిటన్ కూడా 2004లో ఈ రంగులకు మారడం మొదలుపెట్టి, 2006 నుంచి తప్పనిసరి చేసింది. అమెరికా మిషన్లో అయితే తెలుపు న్యూట్రల్. మేము స్విచ్ వేసుంటే 240 వోల్టుల మీద నడవాల్సిన బోర్డుకు 415 వోల్టులు పోయేవి. మిషన్ కాలిపోయేది, మా ఉద్యోగాలూ పోయేవి. ఆ రోజు నుంచి రంగును నమ్మడం మానేశాం. టెర్మినల్ దగ్గర రాసిన అక్షరం చదువుతాం, డ్రాయింగ్ చూస్తాం, మీటర్ పెడతాం. ఆ తర్వాతే స్విచ్.

రెండోది వదులు స్క్రూ. సన్న పోగుల వైరును ఉత్తగా మెలితిప్పి స్క్రూ కింద పెడితే నాలుగు పోగులు పక్కకు పోతాయి. మిగతావి కొన్నాళ్లకు వదులవుతాయి. వదులైన చోట రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. బ్రేకర్ పడుతుందిలే అనుకుంటాం. పడదు. బ్రేకర్ చూసేది ఎక్కువ కరెంటును, వదులు స్క్రూను కాదు. లోడు మామూలుగానే ఉంటుంది, లోపల ప్లాస్టిక్ మాత్రం మాడుతుంటుంది. అందుకే పోగులన్నీ కలిపి ఫెర్రుల్ గానీ లగ్గు గానీ వేసి నొక్కి, బిగించి, చేత్తో ఒకసారి లాగి చూస్తాం.

ఇంత జాగ్రత్త వేరేవాళ్ల మిషన్లకు. మరి మన రూముకు?

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కూలోళ్లు ఉండే బిల్డింగు తగలబడింది. కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు, అందులో ముగ్గురు మన ఆంధ్రావాళ్లు. కింది అంతస్తులో గార్డు గదిలో షార్ట్ సర్క్యూట్ వల్ల అంటుకుందని ఫైర్ డిపార్టుమెంటు చెప్పింది. చాలామంది పొగకే పోయారు. ఆ రోజు ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "బాగుండాం మా" అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది.

రాత్రి మా రూములో సాకెట్ వైపు చూశాం. ఒక్క 13 ఆంపియర్ల సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ పెట్టి కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె. దాని మీద సుమారు 3100 వాట్లకు మించకూడదు. కెటిల్ ఒక్కటే 2000 పైన లాగుతుంది. ప్లగ్గు విప్పాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఫ్యూజుకు సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి ఉంది. చుట్టింది మేమే. ఒక రాత్రి ఫ్యూజు పోతే, బకాలా మూసేసుంటే, రేపు మారుద్దాంలే అని చుట్టాం. ఏడు నెలలైంది.

మెయిన్ ఆపి సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉంది, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. సాకెట్ మార్చాం, సరైన ఫ్యూజు వేశాం. మిగతా రూముల సంగతి క్యాంప్ బాస్‌కు చెబితే "మీ పని మీరు చూసుకోండి" అన్నాడు. మా పనే అది. శుక్రవారాలు రూము తర్వాత రూము మేమే చూశాం.

పని తెలియనోళ్లు దయచేసి విప్పొద్దు. ప్లగ్గు పట్టుకుంటే కాలుతుందా, మాడు వాసన వస్తుందా, మచ్చ పడిందా, అంతే చూడండి. ఉంటే వాడకం ఆపి, తెలిసినోళ్లను పిలవండి. మెట్ల దారిలో సామాన్లు పెట్టొద్దు. ఫ్యూజు కొన్ని ఫిల్సులే. మనం పంపే డబ్బుల కోసం ఇంట్లో ఎదురుచూస్తారు నిజమే, అంతకన్నా ముందు మన కోసం ఎదురుచూస్తారు.