తాళాలగుత్తి

మా ఆఫీసులో పన్నెండు కంప్యూటర్లు. వాటన్నిటికీ పెద్దదిక్కు మూలగదిలోని సర్వరు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరికి ఏ ఫైలు చూపాలో తేల్చేది అదే. ఈ ఏర్పాటు పేరు డొమైను. ఉమ్మడి కుటుంబం అనుకోండి.

అందులో ఉన్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2. మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. "పనిచేస్తోందిగా, లాగిద్దాం" అంటారు మేనేజరుగారు. అందరి జీతాల లెక్కలూ అందులోనే ఉన్నాయి, రాసేది నేను. అవి ఏ దొంగ చేతిలోనో పడితే? అందుకే ప్లాను వేసే పని నేనే నెత్తికెత్తుకున్నాను.

పాతదానిమీదే కొత్తది ఎక్కిస్తే చవకన్నారు. నాకు నచ్చలేదు. పక్కనే కొత్త సర్వరు పెట్టి, దాన్నీ డొమైన్ కంట్రోలరు చేస్తే పేర్లూ పాస్‌వర్డులూ రెండిట్లోనూ ఉంటాయి. తరవాత అయిదు పెత్తనాలు అప్పగించాలి. వాటిని ఫిజ్మో రోల్స్ అంటారట, దగ్గుమందు పేరులా లేదూ! అచ్చం అత్తగారు కోడలికి బీరువా తాళాలు ఇచ్చినట్లే. కానీ ఆవిడ ఊరెళ్ళాక చింతపండు ఎక్కడుందో తెలియక కోడలు తెల్లమొహం వేస్తే ఎలా? ఇక్కడ ఆ జాడ చెప్పేది డిఎన్ఎస్. పన్నెండు కంప్యూటర్లూ కొత్తదాన్నే దారి అడుగుతున్నాయని తేలందే పాతదాన్ని కదపనివ్వను.

ముందు బ్యాకప్పు తీయాలి. తీస్తే చాలదు, తెరిచి చూడాలి. రెండు వారాలు రెండూ కలిసి కాపురం చేశాక, జీతాల వారం కాకుండా చూసి, ఒకరోజు పాతదాన్ని ఆపుతాం. ఎవరూ కేకెయ్యకపోతే మళ్ళీ వెలిగించి, దాని హోదా పద్ధతిగా తీసేసి సాగనంపుతాం.

మేనేజరుగారు సంతకం పెట్టారు, "ఖర్చెంతా?" అని మూడోసారి అడిగి.