లండను బస్సు మెట్లు, మీ ఆఫీసు కుర్చీ

లండను వెళ్ళిన మనవాళ్ళు రాజుగారి కోట చూస్తారు, బిగ్‌బెన్ గడియారం చూస్తారు, ఫోటోలు దిగి వస్తారు. మీలో ఎవరికైనా ఆ ప్రయాణం తటస్థిస్తే ఒక పూట గుండె కోసం కేటాయించండి. అందుకు ఆసుపత్రికి వెళ్ళనక్కరలేదు, కోవెంట్ గార్డెన్‌కు వెళితే చాలు. వెళ్ళే వీలు లేనివారు ఈ పేజీ వెంట నడవండి.

కోవెంట్ గార్డెన్‌లో ఒకప్పుడు పూలమార్కెట్టుగా ఉన్న భవనంలో లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది. అక్కడ పాతకాలపు ఎర్రని రెండంతస్తుల బస్సులు కనిపిస్తాయి. వాటి వెనకవైపు మేడ మీదికి వెళ్ళే ఇరుకు మెట్లను కాస్త ఆగి చూడండి. హృద్రోగం గురించి వైద్యులకు ఒక గొప్ప పాఠం దొరికింది ఆ మెట్ల మీదనే!

ఆ బస్సులో ఉద్యోగులు ఇద్దరు. డ్రైవరు తన డ్యూటీలో నూటికి తొంభై పాళ్ళు కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు అయిదారువందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే సంస్థ. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1949 నుంచి 35-64 ఏళ్ళ మధ్య వయసున్న సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరాలు సేకరించారు. 1953లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన ఫలితం ఇది: కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా వచ్చింది. వచ్చీరాగానే ప్రాణం తీసే గుండెపోట్లు డ్రైవర్లలోనే ఎక్కువ.

"డ్రైవరుకు ట్రాఫిక్ చికాకు ఉంటుంది కదా, దానివల్లనేమో!" అని మీకు అనిపించవచ్చు. అందుకే పోస్టాఫీసు వారినీ పరిశీలించారు. అక్కడ కూడా వీధులు తిరిగే పోస్టుమాన్ కంటే కుర్చీలో కూర్చునే గుమాస్తాకే గుండెజబ్బు ఎక్కువ అని తేలింది. మరో సందేహం - డ్రైవర్లు మొదటినుంచీ లావేమో? 1956లో వారి యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు తీసి చూశారు. నిజమే, డ్రైవర్ల నడుములు పెద్దవే. అయితే సన్నగా ఉన్నవారిని సన్నవారితో, లావువారిని లావువారితో పోల్చి చూసినా, హఠాత్తుగా గుండె ఆగి పోయినవారు డ్రైవర్లలోనే ఎక్కువ. అంచేత "నేను సన్నగానే ఉన్నాను, నాకేం భయం" అనుకోకండి సుమా!

ఇక్కడినుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా పావుగంట నడిస్తే వైట్‌హాల్ వీధి వస్తుంది. అటూ ఇటూ ప్రభుత్వ కార్యాలయాలు. బ్రిటిష్ సర్కారు నడిచేది ఇక్కడినుంచే. ఈ ఉద్యోగులకు ఎక్కడానికి బస్సు మెట్లు లేవు, ఉన్నవి ఫైళ్ళు. మరి వీరి గతేమిటి?

1968-70 ప్రాంతంలో మోరిస్ బృందం సుమారు 17,000 మంది ప్రభుత్వోద్యోగులను ఒక సోమవారం ఉదయం అడిగింది: "మొన్న శుక్రవారం, శనివారం మీరేం చేశారు?" ఈత, చెమటపట్టే ఆటలు, తోటలో బరువు పని వంటి జోరైన వ్యాయామం చేసినవారికి గుండెజబ్బు ప్రమాదం మిగతావారిలో మూడోవంతు మాత్రమే ఉన్నట్టు 1973లో ప్రకటించారు. అంటే ఆఫీసు ఇవ్వని వ్యాయామాన్ని మనం తెచ్చుకోవచ్చునన్నమాట.

ఈ వీధి మరో పాఠం కూడా చెప్పింది. 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధనలో పెద్ద అధికారుల కంటే అట్టడుగున ఉన్న బంట్రోతులే గుండెజబ్బుతో ఎక్కువగా, మూడు రెట్లకు పైగా చనిపోయారు. పొగతాగటం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత 1985లో మొదలైన రెండో పరిశోధన, తన పని మీద తనకు ఏ అధికారమూ లేనివారి గుండెకు ముప్పు ఎక్కువని చూపింది. కనుక తప్పంతా ఉద్యోగి బద్ధకానిదే అనటం న్యాయం కాదు. ఆఫీసుకూ బాధ్యత ఉంది.

మన దేశంలోనూ కొన్ని పరిశ్రమల్లో ఉద్యోగులకు, కుటుంబాలకు ఆరోగ్యబోధ, సలహాలు ఇచ్చి చూశారు. నడుము కొలత, రక్తపోటు తగ్గినట్టు 2009లో ఫలితాలు వచ్చాయి. మీ యూనియను, మీ మేనేజరు అడిగి చేయించదగిన పనులివి: ఏడాదికొకసారి రక్తపోటు, షుగరు, కొలెస్టరాల్ పరీక్ష, క్యాంటీనులో బజ్జీ పక్కన పండు, పొగ లేని ఆవరణ, దీపం వెలిగే శుభ్రమైన మెట్లు. మెట్లదారి చీకటిగా, చెత్తగా ఉంటే లిఫ్టు ఎక్కక ఎవరేం చేస్తారు?

ఇక మీ వంతు. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక. బస్సు ఒక స్టాపు ముందే దిగండి. గంటకొకసారి కుర్చీ వదలండి. కారియర్‌లో ఆవకాయ, అప్పడం రెండూ వద్దు. ఉప్పు అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు మించకూడదు. సిగరెట్టు పూర్తిగా మానండి.

ఒక హెచ్చరిక. నలభై దాటి, రక్తపోటో షుగరో ఉండి, ఇంతవరకు కదలని వారు ఇది చదివి రేపే అయిదంతస్తులు పరుగెత్తకండి. ముందు డాక్టరుకు చూపించుకుని, ఒక్కో అంతస్తు చొప్పున పెంచండి. మెట్లెక్కుతుంటే ఛాతీలో బిగింపు వచ్చి, ఆగితే తగ్గుతోందా? అది గ్యాసని సోడా తాగి ఊరుకోవద్దు. విశ్రాంతిలోనూ తగ్గకుండా, చెమటతో, ఎడమ చేతికో దవడకో పాకితే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

లండను సిటీ బస్సుల్లో ఇప్పుడు కండక్టర్లు లేరు. పని చేస్తూనే గుండెను కాపాడుకునే అలాంటి ఉద్యోగాలు అన్నిచోట్లా తరిగిపోతున్నాయి. మనలో చాలామందిమి డ్రైవరు సీట్లోకి వచ్చేశాం. మెట్లు మాత్రం ప్రతి ఆఫీసులోనూ ఉన్నాయి.